ఒళ్ళు లేని కంప్యూటర్

"ఎంత తుడిచినా దాని మొహం అంతే," అన్నాడు మ్వాకియో ఆఫీసు గుమ్మంలో నిలబడి.

వకెషో చేతిలో తడిగుడ్డ ఆగింది. భర్త అన్నది తను తుడుస్తున్న కంప్యూటర్ గురించేనని తెలుసు. అయినా ఆమె చెయ్యి ఆమెకు తెలియకుండానే తన చెంప మీదికి వెళ్ళింది. పొద్దున్న బయల్దేరేటప్పుడు అత్తగారు కూడా ఇంచుమించు అదే మాట అంది. "కాస్త మొహం కడుక్కుని, ఏదైనా రాసుకుని వెళ్ళవే. వచ్చేవాళ్ళు ముందు నిన్నే చూస్తారు." కడుక్కున్నానని చెప్పలేదు వకెషో. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అతని చొక్కా ఇస్త్రీ అయ్యాక, రోజూ బస్సులో ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని వెళ్ళాక కడిగిన మొహమైనా ఎలా ఉంటుందో ఆవిడకి తెలియనిదా అనుకుని ఊరుకుంది.

రేవులో సరుకు విడిపించే కంపెనీ పెట్టినప్పుడే వాళ్ళిద్దరూ ఆ కంప్యూటర్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు టీ తాగితాగి పచ్చబడ్డ పళ్ళ రంగులోకి తిరిగింది. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. స్విచ్ వేస్తే, మోకాళ్ళ నొప్పులున్న మనిషి లేచి నిలబడుతున్నట్టు మూలిగి, ఆ తర్వాత రోజంతా మాట్లాడకుండా పనిచేసేది. కెన్యాలోని మొంబాసాలో కిలిందిని రేవుకి వచ్చే కంటైనర్లు దాని లోంచే బయటికొచ్చేవి అనాలి. ఏ పెట్టెలో ఏముంది, దానికి ఏ సుంకం పడుతుంది అన్నది కస్టమ్స్ వాళ్ళకి సరిగ్గా రాసి పంపితేనే సరుకు కదులుతుంది. ఆ రాతకి పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష రాసి ప్యాసై క్లియరింగ్ ఏజెంట్ లైసెన్స్ తెచ్చుకున్నది వకెషో. బయట బోర్డు మీద ఉన్నది మ్వాకియో పేరు. అందులో మోసమేమీ లేదు. అప్పట్లో ఇద్దరూ నవ్వుకుంటూనే ఆ బోర్డు రాయించారు. అతనికి మాట ఉంది, సూటు ఉంది, నలుగురిలో కలిసిపోయే నవ్వుంది. ఆమెకి పని వచ్చు. సంసారంలాగే కంపెనీ కూడా అలా పంచుకుంటే సరిపోతుందనుకుంది.

"నైరోబీ ఆసుపత్రుల వాళ్ళు వస్తారు వచ్చే వారం," అన్నాడు మ్వాకియో లోపలికొచ్చి. "ఖరీదైన మెషీన్లు దిగుమతి చేసుకునేవాళ్ళు. ఈ పెట్టెని చూస్తే కుర్చీలో కూర్చోకుండానే వెళ్ళిపోతారు."

"సరుకు విడిపించుకోవడానికొచ్చేవాడు కంప్యూటర్ రంగు చూస్తాడా జెరూషా నాన్నా? పనవుతుందా లేదా చూస్తాడు గానీ."

"నీకు తెలీదు. పెద్ద వ్యాపారస్తులే చూస్తారు. చూడట్లేదని చెప్తూ చూస్తారు. కంప్యూటర్‌లో ఆటలాడుకునే కుర్రాళ్ళకి ఏ పెట్టైనా ఒకటే."

"మన పెద్దాయన, మ్జే షేబే, ఇన్నేళ్ళుగా వస్తున్నాడు. ఏనాడైనా అడిగాడా?"

"షేబే లారీల విడిభాగాలు అమ్ముకునే ముసలాడు," అన్నాడతను. "మనం ఎప్పటికీ షేబేతోనే ఉండిపోదామా?"

వకెషో మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. కూతురు జెరూషాని వోయి ఊళ్ళో బోర్డింగ్ స్కూల్లో వేశారు. అతను అడిగేది పిల్ల భవిష్యత్తే కదా అనిపించింది.

కొత్త కంప్యూటర్ వచ్చింది. దానికి పెట్టె లేదు. వెనక ఏమీ లేదు. పలచటి గాజుపలక ఒక్కటే వెండిరంగు కాలు మీద నిలబడింది. ప్రార్థన చేయించాలని మ్వాకియో తల్లిని కూడా తీసుకొచ్చాడు. ఆవిడ బైబిల్ చంకలో పెట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"దీని ఒళ్ళేదిరా?"

"ఒళ్ళు లేదమ్మా. అంతా మొహంలోనే ఉంది."

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "మా తాతల కాలంలో చచ్చిపోయి, పుర్రె మొహం ఒక్కటే మిగిలినవాళ్ళని కొండ మీద రాతి గుహలో వరసగా పెట్టేవాళ్ళు. అక్కడికి మనం వెళ్ళి మాట్లాడొచ్చేవాళ్ళం. ఇంట్లో పెట్టుకునేవాళ్ళం కాదు." మ్వాకియో విసుక్కున్నాడు. ప్రార్థన మాత్రం క్లుప్తంగా చేసి, దానివైపు వీపు తిప్పకుండా పక్కకి నడిచి బయటికెళ్ళిపోయిందావిడ.

పాత కంప్యూటర్‌ని పారెయ్యలేదు. కస్టమ్స్ పని అంతా అందులోనే ఉంది, కొత్తదాంట్లోకి మార్చాలంటే సమయం పడుతుంది. అంతవరకూ దాన్ని వెనకున్న సామాన్ల గదిలో పెడదామన్నాడు మ్వాకియో. మెకానిక్ వచ్చి గోడకి రంధ్రం చేసి ఒక వైరు లాగాడు. వెనక గదిలో ఆమె ఏది కొడితే అది ముందు గదిలో గాజు మీద కనిపిస్తుంది. మ్వాకియో దాని ముందు కూర్చుని, వచ్చినవాళ్ళకి ఎదురుగా మీటలు నొక్కుతూ ఉంటాడు. ఆ మీటలు దేనికీ తగిలించి లేవు.

"నాలుగు రోజులు ఓర్చుకో," అన్నాడు భార్యతో. కన్ను కూడా కొట్టాడు. ఆమెకి నవ్వొచ్చింది. పెళ్ళైన కొత్తల్లో ఇద్దరూ కలిసి అత్తగారికి తెలియకుండా సినిమాకి వెళ్ళినప్పుడు కూడా అలాగే కన్ను కొట్టాడు.

సామాన్ల గదికి కిటికీ లేదు. నీళ్ళ డ్రమ్ము, చీపుళ్ళు, పాత ఫైళ్ళ అట్టపెట్టెలు, వాటి మధ్య ఒక బల్ల, బల్ల మీద పచ్చబడ్డ కంప్యూటర్, దాని ముందు వకెషో. తలుపు సందులోంచి ముందు గది సన్నగా కనిపించేది. అతను గొంతు పెంచి, "ఈ కంటైనర్‌కి సుంకం ఎంతో చూద్దాం" అంటే ఆమె కొట్టేది. గాజు మీద అంకె వచ్చేది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు ముందుకి వంగేవాళ్ళు. "ఎంత త్వరగా చెప్పిందో చూడండి," అనేవాడు మ్వాకియో. మొదట్లో ఆ మాట అన్నప్పుడల్లా తలుపు వైపు ఒక చూపు విసిరేవాడు. ఆ చూపుతో ఆమెకి పొద్దు గడిచేది.

వర్షాలు మొదలయ్యేసరికి ఆ చూపు ఆగిపోయింది.

సరిగ్గా ఎప్పుడు ఆగిందో ఆమెకి తెలియదు. వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు, అతనికి తీరిక లేదనుకుంది. తనకి మాత్రం తీరికెక్కడుంది? పొద్దున్న అందరికంటే ముందొచ్చి ఆ గాజుని మెత్తటి గుడ్డతో తుడిచేది. గీత పడకూడదని ఆ గుడ్డని విడిగా ఉతికి విడిగా ఆరేసేది. తుడుస్తున్నప్పుడు ఇంకా వెలగని గాజులో గదంతా కనబడేది. కుర్చీలు, గోడ గడియారం, తెరిచిన వీధి తలుపు, తలుపు అవతల వెళ్ళే లారీ. తను మాత్రం సరిగ్గా కనబడేది కాదు. మరీ దగ్గరగా నిలబడి తుడుస్తున్నాను కాబట్టి అనుకుంది. ఒకరోజు రెండడుగులు వెనక్కి జరిగి చూసింది. కుర్చీలు, గడియారం, తలుపు కనిపించాయి. వెలుతురు పడే తీరులో ఏదో తేడా ఉండుంటుందని గుడ్డ మడిచి పెట్టేసింది. ఆ తర్వాత వెనక్కి జరిగి చూడలేదు.

షేబే వచ్చిన రోజు ఆమె కావాలనే బయటికొచ్చింది. ఆ ముసలాయన పాత రోజుల్లో ఆమె బల్ల పక్కనే కూర్చుని, కాగితంలో చుట్టి తెచ్చిన మహామ్రి బూరెలు చెరో ముక్కా తుంచుకుని, మనవళ్ళ ముచ్చట్లు చెప్పేవాడు. "నువ్వు లేకపోతే నా లారీ సామాన్లు రేవులోనే తుప్పుపడతాయి బిడ్డా" అనేవాడు. ఇప్పుడు ముందు గదిలో గాజుకి ఎదురుగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"షేబే మామా, బాగున్నారా? ఇంట్లో అందరూ కులాసానా?" అంది పక్కనే నిలబడి.

ముసలాయన మొహం విప్పారింది. "బాగున్నాం, దేవుడి దయ," అన్నాడు. అన్నది గాజుతో. తల తిప్పలేదు. తర్వాత మ్వాకియో వైపు చూసి, "ఇది పలకరిస్తుంది కూడానా? గొంతు అచ్చం ఆడమనిషి గొంతులా ఉందే" అన్నాడు.

మ్వాకియో నవ్వాడు. "చాలా తెలివైంది మ్జే."

ఆమె అక్కడే నిలబడి ఉంది. చెయ్యి చాపితే ముసలాయన భుజం అందుతుంది. చాపలేకపోయింది. చాపితే ఏమవుతుందోనని భయం వేసింది. ముట్టుకున్నా ఆయన తిరక్కపోతే ఏం చెయ్యాలి అనిపించింది. మెల్లగా వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మీటల మీద వేళ్ళు పెడితే చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నవి మీటలో, తన వేళ్ళో కాసేపు తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మ్వాకియో తల్లికి చెబుతున్నాడు. "ఇవాళ ఎన్ని కంటైనర్లు విడిపించిందో తెలుసా అమ్మా, నా మెషీన్? ఒక్క తప్పు లేదు."

"మరి ఇది రోజంతా ఏం చేస్తుందిరా అక్కడ?" అంది అత్తగారు, వకెషో వైపు గరిటె చూపించి. పరాచికంగానే అంది.

మ్వాకియో ముద్ద నోటి దగ్గర ఆపి ఆలోచించాడు. ఏదైనా అబద్ధం వెతుక్కుంటున్నవాడిలా కాదు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా ఆలోచించాడు. "తుడుస్తుంది," అన్నాడు చివరికి. మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద కూరలో అద్దుకున్నాడు.

వకెషోకి కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. పదిహేడేళ్ళ కాపురంలో అతను ఆమె పనిని తక్కువ చేసి మాట్లాడిన సందర్భాలు లెక్కలేనన్ని. 'ఇంట్లో ఉన్నట్టే కదా, కూర్చునే పనే కదా,' అనేవాడు. 'నీకేం తెలుసు బయట ఎంత కష్టమో,' అనేవాడు. అవన్నీ తెలిసి అన్న మాటలు. తెలిసి అన్న మాటకి ఎదురు చెప్పొచ్చు, ఏడవచ్చు, రెండు రోజులు మాట్లాడడం మానెయ్యొచ్చు. తెలియక అన్నవాడిని ఏం చేస్తారు? ఆమె అతని కళ్ళలోకి చూసింది. అక్కడ దాచిపెట్టినదేమీ లేదు. ఆ శుభ్రమే ఆమెని భయపెట్టింది.

కొద్ది రోజులకి అతను దేనికోసమో సామాన్ల గది తలుపు తీశాడు. ఆమె కస్టమ్స్‌కి పంపే ఒక డిక్లరేషన్ మధ్యలో ఉంది. ముందు గదిలో గాజు మీద అదే అక్షరం వెంట అక్షరం పడుతోంది. అతను అప్పటివరకూ దాని ముందే కూర్చుని లేచొచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆమెని, పచ్చటి పెట్టెని, గోడలోకి వెళ్ళిన వైరుని చూశాడు.

"నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

గొంతులో గద్దింపు లేదు. వీధిలో అనుకోకుండా బంధువు ఎదురైతే అడిగినట్టు అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే చీపురు కట్ట పక్కనుంచి గొడుగు తీసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. వెళ్తూ దీపం ఆర్పేశాడు.

చీకట్లో పాత తెర వెలుతురు ఒక్కటే మిగిలింది. ఆ వెలుతురులో తన చేతులు చూసుకుంది వకెషో. మసాలా నూరిన మచ్చ ఒకటి బొటనవేలి మీద ఉంది. అది ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుంది.

నైరోబీ వాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు మాటలే అయ్యాయి. రెండోసారి ఒప్పందానికి వచ్చారు. ఒక మగమనిషి, అతనికి పైఅధికారి అయిన ఒక ఆడమనిషి. ఆమె పేరు చెరోటిచ్. బూడిదరంగు సూటు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎవరినీ లెక్కచెయ్యని నడక. తలుపు సందులోంచి ఆమెని చూసి వకెషోకి ఎక్కడో ఆశ పుట్టింది. ఒక ఆడది ఇంత పైకి వచ్చిందంటే ఎన్ని గదుల్లో ఎన్ని తలుపుల వెనక పనిచేసి వచ్చి ఉంటుంది! ఆమెకైనా తెలుస్తుంది. లోపల ఎవరో ఉన్నారని ఆమెకైనా అనిపిస్తుంది.

చెరోటిచ్ కుర్చీలో కూర్చుని గది చుట్టూ చూసింది. సామాన్ల గది తలుపు మీదుగా ఆమె చూపు వెళ్ళింది, ఆగలేదు.

"నాకు మీ ఆఫీసు నచ్చింది," అంది మ్వాకియోతో. "మిగతా చోట్ల ఎక్కడ చూసినా దుమ్ము, తాళ్ళు, అరుపులు. మీ దగ్గర ఎంత శుభ్రంగా ఉందో. వైర్లు కనబడవు, మనుషులు కనబడరు."

"అదేనండీ మా గొప్ప," అన్నాడు మ్వాకియో.

వకెషో చేతులు మీటల మీద నుంచి లేచాయి.

ముందు గదిలో అతను అంటున్నాడు, "ఇప్పుడు మీ స్కానింగ్ మెషీన్ సంగతి చూద్దాం." ఆమె కొట్టలేదు. అతను తన మీటలు నొక్కుతూనే ఉన్నాడు, టకటకమని. ఆమె చెయ్యి చాపి పాత కంప్యూటర్ స్విచ్ ఆపేసింది. అది ఒక్కసారి మూలిగి ఊరుకుంది. గోడ అవతల గాజు నల్లబడింది.

ఇప్పుడైనా అతను తడబడతాడు. ఇప్పుడైనా తలుపు వైపు చూస్తాడు. వకెషో తలుపు సందుకి కన్ను ఆనించి నిలబడింది.

మ్వాకియో మీటలు నొక్కుతున్నాడు. చెరోటిచ్, ఆమె పక్కనున్న మగమనిషి నల్లటి గాజులోకి వంగి చూస్తున్నారు. చూసి తల ఊపారు.

"ఇది మేం అనుకున్నదానికంటే నయమే," అన్నాడు ఆ మగమనిషి, గాజు మీద వేలు పెట్టి. వేలు పెట్టిన చోట ఏమీ లేదు.

"ఈ వరస కూడా బాగుంది," అంది చెరోటిచ్.

"చెప్పాను కదండీ," అన్నాడు మ్వాకియో, "ఇది తప్పు చెయ్యదు."

నల్లటి గాజులో ముగ్గురి మొహాలూ పక్కపక్కనే తేలుతున్నాయి. మెడ కింద ఏమీ కనబడటం లేదు. ముగ్గురూ తమ మొహాలనే చూసుకుంటూ, ఒకే తీరున తల ఊపుతున్నారు. బయట లారీలు ఆగినట్టున్నాయి, చప్పుడు లేదు. మీటల టకటక ఒక్కటే వినబడుతోంది. వకెషో తలుపు సందు నుంచి కన్ను తీసేసింది. ఎన్నాళ్ళుగా ఇలా ఉందో అనిపించింది. తను ప్రాణం పెట్టి కొట్టిన ప్రతి అంకెనీ వీళ్ళలో ఒక్కరైనా చూశారా? షేబే చూశాడా? లేకపోతే మొదటి రోజు నుంచీ ఇదే చూస్తున్నారా?

ఆమె వైర్లన్నీ పీకింది. భుజాల మీది గుడ్డ తీసి పాత పెట్టెని, తెరని, మీటల పలకని ఒక్కచోట మూటకట్టింది. బరువుగా ఉంది. రెండు చేతులా ఎత్తుకుని, మోకాలితో తలుపు తోసుకుని ముందు గదిలోకొచ్చింది. కుర్చీల మధ్యనుంచే దారి. చెరోటిచ్ తల తిప్పకుండానే కాళ్ళ దగ్గరున్న చేతిసంచి పక్కకి జరిపింది. మ్వాకియో వేళ్ళు ఆగలేదు. వకెషో ఒక్క క్షణం గాజు ముందు నిలబడింది. కావాలనే నిలబడింది. అందులోకి మాత్రం చూడలేదు. తనున్నదీ లేనిదీ ఇంక దాన్ని అడగదలచుకోలేదు.

ఆటోవాడు పడవల రేవు దాకా తీసుకెళ్ళాడు. అవతలి ఒడ్డున లికోనికి వెళ్ళే పడవలో జనం కిక్కిరిసి ఉన్నారు. మూట దించుకునే చోటు లేక ఎత్తుకునే నిలబడింది. ముడి జారి పచ్చటి పెట్టె మూల బయటపడింది. పక్కన చేపల బుట్టతో నిలబడ్డ ఆడమనిషి వంగి చూసింది.

"కంప్యూటరా అది? నా బుట్ట మీద ఆనించమ్మా, చేతులు లాగేస్తాయి. పనిచేస్తుందా?"

వకెషో మూటని బుట్ట మీద ఆనించింది. ఏళ్ళ తరబడి దాని గురించి ఎన్నో మాటలు విన్నది గానీ ఈ మాట ఎవరూ అడగలేదు. "చేస్తుంది," అంది. ఆ చేపలామె ఆమె మొహంలోకి సూటిగా చూసి, "ఏడుస్తున్నావెందుకు మరి?" అంది. నీళ్ళ మీద గాలికి ఇద్దరి తలగుడ్డలూ ఒకేవైపు ఎగిరాయి.

లికోనిలో ఆమె అక్క మలెంబా కుట్టుమిషన్ల కొట్టు నడుపుతుంది.  మిషన్ల మధ్య ఒక బల్ల ఖాళీ చేసి, ప్లగ్గు చూపించింది. స్విచ్ వేస్తే పాతది మూలిగి లేచింది. అమ్ముకోవడానికి విదేశాల నుంచి పాత బట్టల మూటలు తెప్పించుకునే ఆడవాళ్ళు ఆ వీధిలో చాలామందే ఉన్నారు. వాళ్ళు వచ్చి ఆమె పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, "నా మూట ఎప్పుడొస్తుంది అక్కా?" అని మొహం చూసి అడిగేవాళ్ళు.

ఇంటి నుంచి ఫోన్ వస్తుందని మొదటి రాత్రి ఎదురుచూసింది. రాలేదు. మర్నాడూ రాలేదు. కొన్నాళ్ళకి అత్తగారు చేసింది, గొంతు తగ్గించి.

"ఎక్కడున్నావే నువ్వు?"

"అక్క దగ్గరున్నాను అత్తమ్మా. ఆయన అడిగారా?"

 "వాడికి తెలీదే, నువ్వు లేవని," అంది ఆవిడ. "రోజూ నేనే వండి పెడుతున్నాను. నీ కుర్చీ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. 'ఉప్పందుకో' అంటాడు. కాసేపాగి తనే అందుకుంటాడు. నేను రేపు కొండకి, మా ఊరికి వెళ్ళిపోతున్నాను. నువ్వు మాత్రం ఇక్కడికి రాకు."

రేవులో మ్వాకియో కంపెనీ కంటైనర్లు ఒక్కటీ కదలడం లేదని ఆ వీధిలో కూడా చెప్పుకున్నారు. ఆసుపత్రుల మెషీన్లు ఎండకి ఎండుతున్నాయట. ఎవరు వెళ్ళి అడిగినా మ్వాకియో గాజు చూపించి, అంతా పంపేశానని చెబుతున్నాడట. చూసినవాళ్ళు నిజమేనని తల ఊపి వస్తున్నారట.

ఒక మధ్యాహ్నం, ఎండ కొట్టు లోపలి దాకా పడుతుండగా, ఫోన్ మోగింది. అతని గొంతు. అలసిపోయి, అతి మర్యాదగా ఉంది.

"జెరూషా అమ్మా, మెషీన్ పాడైనట్టుంది. సరుకంతా ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళ నంబరేదైనా నీ దగ్గరుందా? పైకి బాగానే ఉంది. తళతళలాడుతోంది."

"అది పాడవలేదు," అంది వకెషో. "అదెప్పుడూ పని చెయ్యలేదు."

అవతల మీటల టకటక ఆగింది. అతను అడిగాడు, కొత్తమనిషిని అడిగినట్టు. "ఎవరు మాట్లాడుతున్నది?"

మిషన్ తొక్కుతున్న అక్క కాలు ఆపి ఇటు చూసింది. వకెషో కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"వకెషో. క్లియరింగ్ ఏజెంట్‌ని," అంది. "చెప్పండి, మీకేం పని కావాలి?"